చేతివాటం అణువుదా, బంగారానిదా?

పుదీనాపచ్చడి:
చేతివాటం అంటే చిల్లర కొట్టేయడం కాదులెండి, అణువుల కుడి–ఎడమ సంగతి. పుదీనా వాసనకూ సోయికూర గింజల వాసనకూ మూలం కార్వోన్ అనే ఒకే పదార్థం. ఒకదానిలోది రెండోదానికి అద్దంలో బొమ్మ, అంతే తేడా. ఇలా చేతివాటం ఉన్న అణువుల్లోంచి వెళ్లే ఎలక్ట్రాన్లలో ఒకవైపు స్పిన్ (ఎలక్ట్రాన్‌కి సహజంగా ఉండే బుల్లి అయస్కాంతం లాంటి గుణం, పైకో కిందికో ఉంటుంది) ఉన్నవే ఎక్కువగా బయటపడతాయని ఇజ్రాయెల్ వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్‌లోని రాన్ నామన్ బృందం 1999 నుంచి చెబుతోంది. 2011లో బంగారం మీద నాటిన డీఎన్‌ఏతో రెండు వైపుల స్పిన్‌ల మధ్య తేడా మొత్తం ఎలక్ట్రాన్లలో 60 శాతం దాకా చూపించారు, అదీ మామూలు గది వేడిలో. నాకు మింగుడుపడనిది ఇదే. కార్బన్ లాంటి తేలిక పరమాణువుల్లో స్పిన్–ఆర్బిట్ బంధం (ఎలక్ట్రాన్ తిరుగుడుకీ దాని స్పిన్‌కీ ఉన్న లంకె) చాలా బలహీనం. గది వేడి శక్తి 25 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టుల దాకా ఉంటుంది, దాని ముందు ఇదెంత? మరి పని చేస్తున్నది అణువా, కిందున్న బంగారమా?

లెక్కలపంతులు:
బంగారమే అంటాను. ఎలక్ట్రాన్ ఏ వైపు చుట్టు తిరుగుతూ వెళ్లాలో అణువు ఏరి పెడుతుంది. ఆ తిరుగుడును స్పిన్‌గా మార్చేది బరువైన లోహం. 2021లో వచ్చిన ఒక సిద్ధాంతం సారాంశం ఇదే. అసలు చేతివాటం చూపించి పేరు అణువుకి ఇచ్చింది బంగారం!

మెలికలు:
పంతులుగారూ, మరి హెలిసీన్ సంగతి? అది పూర్తిగా కార్బన్, హైడ్రోజనే, స్క్రూలా మెలితిరిగి ఉంటుంది. 2018లో దాన్ని రాగి, వెండి, బంగారం మూడింటి మీదా పరిచి చూశారు. లోహం బరువు పెరిగినా స్పిన్ తేడా దాదాపు అంతే. కుడి మెలిక బదులు ఎడమ మెలిక పెడితే మాత్రం ఎక్కువగా వచ్చే స్పిన్ వైపు తిరగబడింది. డీఎన్‌ఏ విషయంలోనూ అంతే: అదే బంగారం మీద ఒంటిపోగు డీఎన్‌ఏ పెడితే ఏమీ రాలేదు, జంటపోగు పొడుగు పెంచితే తేడా పెరిగింది.

లెక్కలపంతులు:
హెలిసీన్‌లో వచ్చింది 6–8 శాతం అండీ. 60 ఎక్కడ, 8 ఎక్కడ? పొడుగు మాట నా లెక్కకూ సరిపోతుంది, మెలిక పొడుగైతే ఏరివేత ఎక్కువవుతుంది కదా.

బెంచీమనిషి:
నేను రెండేళ్లు ఈ పొరలే వేశాను. నికెల్ మీద పల్చగా బంగారం, దాని మీద అణువులు, కింద అయస్కాంతం. దాన్ని ఉత్తరం పైకి, దక్షిణం పైకి తిప్పుతూ పైనుంచి సన్నటి సూది ఆనించి కరెంటు కొలవాలి. సూది ఆనిన ప్రతిచోటా కరెంటు గ్రాఫులో ఒక కొత్త గీత! వంద గీతల సగటు తీస్తే సోమవారం 40 శాతం, గురువారం 5. పొర ఎక్కడ పడుకుందో, ఎక్కడ నిలబడిందో దేవుడికెరుక. మీ 60కీ 8కీ మధ్య తేడాలో సగం ఇక్కడే ఉందేమో.

మెలికలు:
అందుకే లోహమే లేని ప్రయోగం చూడమంటాను. 2023లో నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ బృందం ఎలక్ట్రాన్ ఇచ్చే ముక్క, పుచ్చుకునే ముక్క, మధ్యలో చేతివాటం ఉన్న వంతెన కట్టి, వెలుతురు కొట్టి చూసింది. స్పిన్ ప్రభావం కనిపించింది. అక్కడ బంగారం రవ్వ కూడా లేదు.

లెక్కలపంతులు:
అది బాగా చల్లబరిచి చేసింది కదా! సరే, లోహం లేకుండానూ ఎంతోకొంత ఉంటుందని ఒప్పుకుంటాను. గది వేడిలో 60 శాతం మాత్రం ఒప్పుకోను.

పుదీనాపచ్చడి:
బెంచీమనిషిగారూ, ఒకే రోజు, ఒకే చేత్తో, అదే డీఎన్‌ఏని రాగి మీదా బంగారం మీదా వేస్తే తేలిపోదా?

బెంచీమనిషి:
రాగికి చిలుము పట్టకుండా మీరు కాపలా కాస్తానంటే రేపే మొదలెడతా.