సంతపేటలో పాత మిద్దె కొనాలని ఉంది, అమ్మే పెద్దాయనతో కుదరడం లేదు. ఏం చేయమంటారు?

అడిగినవారు: గ్రీమ్స్‌పేట అద్దింటి కోడలు

అందరికీ నమస్కారం. మాది చిత్తూరు. నేను ఒక నర్సింగ్ హోమ్‌లో నర్సును, మా ఆయన పాల వ్యాను తోలుతాడు. పదకొండేళ్లుగా గ్రీమ్స్‌పేటలో మేడ మీద అద్దెకుంటున్నాం. మా అత్తమ్మకు మోకాళ్లు పట్టేశాయి, ఏడాదిగా మెట్లు దిగింది లేదు.

సంతపేటలో ఒక పాత మిద్దె చూశాం. 1968లో కట్టింది, మద్రాసు టెర్రస్ (కొయ్య దూలాల మీద ఇటుకలు, సున్నంతో వేసిన పైకప్పు), నలభై అంకణాల స్థలం. ఆరేళ్లుగా తాళం వేసి ఉంది. వంటింటి గోడ 2021 నవంబరు వానలకు బయటికి వాలింది. నడవాలో దూలం పొడవునా చెదల మట్టి గీత. అయినా బావిలో నీళ్లున్నాయి. చేద వేసి తోడి చూశా, తేటగా ఉన్నాయి. వీధి నుంచి లోపలికి ఒక్కటే మెట్టు. అత్తమ్మను ఆటోలో తీసుకెళ్తే గోడ పట్టుకుని తనే బావి దాకా నడిచి పోయింది. అప్పటి నుంచి నా మనసు ఆ ఇంట్లోనే ఉంది.

చిక్కంతా అమ్మే ఆయనతోనే. డెబ్బై నాలుగేళ్లుంటాయి, కట్టమంచిలో కొడుకు దగ్గర ఉంటాడు. మొదట 36 లక్షలన్నాడు. బ్యాంకు నుంచి రెండు లక్షలు అడ్వాన్స్ వేశాం, తెల్లకాగితం మీద రాసిచ్చాడు. పది రోజులకు 39 అన్నాడు. ఇప్పుడు చెన్నై పార్టీ ఎవరో 42కి అడుగుతున్నారంటాడు. మాకు రిజిస్ట్రేషన్ ఖర్చే 7.5 శాతం, రిపేరు ఖర్చు వేరే. ఒరిజినల్స్ అడిగితే "జిరాక్సులు ఇచ్చినా కదా పాపా, నమ్మకం లేకపోతే మానుకో" అంటాడు. తాళాల గుత్తి మొలతాడుకు కట్టుకుని ఒక్కో గది తనే తీస్తాడు, మేం బయటికి రాగానే మళ్లీ తాళం వేస్తాడు. మేస్త్రీ సుత్తితో గోడ తట్టబోతే "మా నాయన కట్టించిన గోడ, కొట్టొద్దు" అని చెయ్యి పట్టుకున్నాడు. ఆ చెయ్యి వణుకుతోంది. రోజూ ముసలివాళ్ల చేతులు పట్టుకునేదాన్ని, అది వయసుతో వచ్చిన వణుకులా అనిపించలేదు.

ఆయనకు తమిళనాడులోని గుడియాత్తంలో చెల్లెలు ఒకరున్నారు. "పెళ్లప్పుడే పసుపు కుంకుమ కింద ఇవ్వాల్సింది ఇచ్చేసినాం, ఆమె సంతకంతో పనిలేదు" అంటాడు. శ్రావణంలో రిజిస్ట్రేషన్ పెట్టుకుందాం, మిగతా డబ్బు క్యాష్‌గా కావాలి అంటాడు. మా ఆయన వదిలేద్దాం అంటున్నాడు. నాకు వదలబుద్ధి కావడం లేదు, టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

పలమనేరు డాక్యుమెంట్ రైటర్

అమ్మా, ధర సంగతి తర్వాత. ముందు చెల్లెలి సంగతి తేల్చుకోండి. ఇల్లు వాళ్ల నాన్న స్వార్జితమై, ఆయన వీలునామా రాయకుండా పోయి ఉంటే, 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారమే కూతురికీ కొడుకుతో సమానంగా వాటా ఉంది. అందరూ 2005 సవరణ అంటారు గానీ, అది ముఖ్యంగా ఉమ్మడి కుటుంబ ఆస్తి గురించి. పసుపు కుంకుమ కింద ఏమిచ్చామని చెప్పినా, ఆమె హక్కు వదులుకున్నట్టు రిజిస్టరైన కాగితం ఉండాలి. లేదంటే ఆమె కూడా మీ సేల్ డీడులో అమ్మేవారిగా సంతకం పెట్టాలి. ఆయన ఒక్కరే పెడితే మీకు వచ్చేది ఆయన వాటా వరకే. వాళ్లమ్మగారు ఉన్నారా లేదా అన్నదీ కనుక్కోండి, ఉంటే ఆమెకూ వాటా ఉంటుంది.

ఆన్‌లైన్‌లో ఈసీ (ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం) 1983 నుంచే వస్తుంది. అంతకు ముందుది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దరఖాస్తు పెట్టి వెతికించండి, పాత దస్తావేజు సర్టిఫైడ్ కాపీ కూడా తీసుకోండి. క్యాష్ మాత్రం వద్దు. స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, ఆపైన నగదుగా తీసుకోకూడదు. తీసుకుంటే అంత మొత్తమూ జరిమానాగా పడేది తీసుకున్నవాళ్ల మీదే. ఈ మాట ఆయనకు మెల్లగా చెప్పండి. ఇంకొకటి, అంకణం లెక్క ఊరికో రకం. అగ్రిమెంట్‌లో చదరపు గజాలు, చెక్కుబందీ (నాలుగు వైపులా హద్దులు) రాయించండి.

కాణిపాకం రోడ్డు మేస్త్రీ కొడుకు

అక్కా, మద్రాసు టెర్రస్ చూడటానికి గోడ తట్టాల్సిన పనిలేదు. దూలం గోడలోకి దిగే చోటే ముందు చివుకుతుంది. నడుమ గట్టిగా ఉందని నమ్మొద్దు. ఆ కొసల్లో స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి, మెత్తగా దిగిందంటే ఆ దూలం మార్చాల్సిందే. గట్టి వాన కురిసిన మర్నాడు పొద్దున్నే వెళ్తే ఎక్కడ కారుతోందో మీకే కనబడుతుంది. కొన్నాక ఎవరు చెప్పినా పైన సిమెంటు పూత వేయించొద్దు. చెమ్మ బయటికి పోలేక లోపలే నిలిచి దూలాలను తినేస్తుంది. మా నాయన కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లతో సున్నం కలిపేవాడు. ఆ పని తెలిసినవాళ్లు తక్కువైపోయారు గానీ, దొరుకుతారు.

కొర్లగుంట నుంచి ఒక అక్క

మేమూ తిరుపతిలో ఇలాంటి ఆయన దగ్గరే కొన్నాం. వారానికో ధర చెప్పేవాడు. ఆశ అనుకున్నాం. చివరికి తేలిందేమంటే ఒరిజినల్స్ వాళ్లన్న బీరువాలో ఉన్నాయి, అన్నదమ్ములకు మాటల్లేవు. అది నోటితో చెప్పుకోలేక "నమ్మకం లేదా" అని మా మీదికి వచ్చేవాడు. చెల్లీ, ఈసారి బేరం ఎత్తకుండా నువ్వొక్కదానివే వెళ్లి చూడు.

గ్రీమ్స్‌పేట అద్దింటి కోడలు

అందరికీ దండాలు. నిన్న డ్యూటీ దిగి ఒక్కదాన్నే వెళ్లా. ఆయన బావి గట్టు మీద కూర్చుని ఉన్నాడు. సంచిలో బీపీ మిషన్ ఉంటే చూశా, 170/100. రెండు రోజులుగా మాత్ర వేసుకోలేదట. పట్టీ విప్పుతూ "కాగితాలు మీ దగ్గర లేవా పెదనాయనా?" అని అడిగా. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత చెప్పాడు. అన్నీ చెల్లెలి దగ్గరే ఉన్నాయి. తొమ్మిదేళ్ల కింద వాళ్లమ్మ కర్మాంతరం రోజు ఇద్దరూ మాటా మాటా అనుకున్నారు, అంతే, మళ్లీ పలకరింపు లేదు. ఇల్లు అమ్ముతున్న సంగతి ఆమెకు తెలియనే తెలియదు. చెన్నై పార్టీ ఎవరూ లేరు.

స్క్రూడ్రైవర్ తెచ్చానంటే తనే తాళాలు తీశాడు. వంటింటి దూలం ఒకదాంట్లో పిడి దాకా దిగిపోయింది, నడవా దూలంలో సగం దిగింది. మిగతా తొమ్మిదీ గట్టిగా ఉన్నాయి.

చెల్లెలు ఒప్పుకుంటే 37 లక్షలకు, ఇద్దరి పేరునా రెండు డీడీలు తీసుకుంటానన్నాడు. ఆదివారం పాలు దించేశాక మా వ్యానులోనే గుడియాత్తం పోతున్నాం, ఆయన్ని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని. రైటర్ గారూ, ఒక్క మాట. ఆమెకు తుంటి ఆపరేషన్ అయిందట, చిత్తూరు దాకా రాలేకపోతే అక్కడి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులోనే పవర్ ఆఫ్ అటార్నీ రాయించుకోవచ్చా? ఎవరి పేరున రాయించాలి?