విశాఖ–కాకినాడ దారిలో గాలి పడిపోతే ఇంజిన్ ఎప్పుడు వేయాలి?

ట్యాంక్‌బండ్_గాలి:
హుస్సేన్‌సాగర్‌లో లేజర్ (ఒక్కరే నడిపే చిన్న తెరచాప పడవ) నడపడం వచ్చు. మార్చిలో నలుగురం 30 అడుగుల పడవలో విశాఖ నుంచి కాకినాడ వెళ్తున్నాం, దాదాపు 75 నాటికల్ మైళ్లు. డీజిల్ ట్యాంకు 60 లీటర్లు. పొద్దునపూట గాలి 3 నాట్లకు (గంటకు 3 నాటికల్ మైళ్లు) పడిపోతే తెరచాపతోనే నెట్టుకురావాలా, ఇంజిన్ వేసేయాలా? లేజర్‌లో చేసే రోల్ ట్యాక్ (ఒంటి బరువుతో పడవను ఊపుతూ మలుపు తీయడం) అక్కడ పనికొస్తుందా?

చుక్కాని:
రోల్ ట్యాక్ మర్చిపోండి. లేజర్ హల్ (ఖాళీ పడవ డొల్ల) 59 కిలోలే, మీ ఒంటి బరువే దానికి ఇంజిన్. మీరెక్కేది మూడు నాలుగు టన్నులుంటుంది, నలుగురూ ఒకేసారి ఎగిరినా దానికి చీమ కుట్టినట్టుండదు. మలుపు నిదానంగా, వెడల్పుగా తీసుకోండి. చుక్కాని ఒక్కసారిగా తిప్పితే బ్రేకేసినట్టే.

లేజర్ నుంచి తీసుకెళ్లాల్సింది ఒకటే: గాలి వచ్చే వైపు కాకుండా అవతలి పక్కన కూర్చుని పడవను 5 డిగ్రీలు వాల్చండి. గుడ్డ తన బరువుకే వేలాడి ఆకారం పట్టుకుంటుంది. హాలియర్డ్ (తెరచాపను పైకెత్తే తాడు) కాస్త వదలండి, లఫ్ (తెరచాప ముందంచు) వెంట చిన్న ముడతలు పడాలి. షీటు (తెరచాపను అదుపు చేసే తాడు) లాగాలని చెయ్యి దురద పెడుతుంది, ఆగండి. మెయిన్ (పెద్ద తెరచాప)లో అన్నిటికంటే పైనున్న బాటెన్ (గుడ్డలో దూర్చే బద్ద) చివరి రిబ్బన్ వెనక్కి ఎగిరేదాకా వదలాలి. జిబ్‌కు (ముందు తెరచాపకు) లావు షీటుంటే దాని బరువుకే మూల కిందికి జారుతుంది, 6 మిల్లీమీటర్ల తాడు కట్టండి.

గాలిని సరిగ్గా వెనక పెట్టుకోవద్దు. గాలి 4 నాట్లు, పడవ 2 అయితే తెరచాపకు మిగిలేది 2. కాస్త పక్కకు తిప్పి జిగ్‌జాగ్‌గా వెళ్లండి.

కాకినాడ_తీరం:
మార్చిలో తీరం వెంట ప్రవాహం ఈశాన్యానికి, అంటే మీకు ఎదురు. లాగ్ (నీటిలో పడవ వేగం చూపే మీటరు) 2 నాట్లు చూపించినా జీపీఎస్‌లో 1 రావచ్చు. కాబట్టి జీపీఎస్ చూసే నిర్ణయించండి. అరగంటపాటు 2 నాట్లు దాటకపోతే ఇంజిన్ వేయండి. గాలి లేకున్నా అలలు ఆగవు, బూమ్ (పెద్ద తెరచాప అడుగునుండే అడ్డకర్ర) అటూ ఇటూ కొట్టుకుంటుంటే ఆ అరగంట కూడా ఆగొద్దు. కుట్లు, బూమ్ ఫిట్టింగులు పోయేది అక్కడే.

లెక్క: 5 నాట్లకు గంటకు 2 లీటర్లనుకుంటే మొత్తం దారికి 15 గంటలు, 30 లీటర్లు. ఎదురు ప్రవాహం 1 నాట్ ఉంటే 19 గంటలు, 38 లీటర్లు. ట్యాంకు సరిపోతుంది, కానీ అడుగు కొన్ని లీటర్లు పంపు అందుకోదు. పడవ ఊగితే అడుగు మడ్డి లేచి ఫిల్టరు మూసుకుంటుంది. రెండు ఫిల్టర్లు అదనంగా పెట్టుకోండి, మార్చాక డీజిల్ గొట్టంలో చిక్కిన గాలి తీయడం ఒడ్డునే నేర్చుకోండి. స్టార్ట్ చేయగానే ఇంజిన్‌ను చల్లబరిచే నీళ్లు పొగగొట్టంలోంచి బయటికి పడుతున్నాయో లేదో చూడండి.

రాత్రి ఒడ్డు నుంచి గాలి వీస్తుంది, పొద్దెక్కాక సముద్రం నుంచి. మధ్యలో రెండు మూడు గంటలు ఏమీ ఉండదు. ఇంజిన్ అవసరం ఎక్కువగా అప్పుడే.

ట్యాంక్‌బండ్_గాలి:
థ్యాంక్స్ అన్నా. ఇంజిన్ వేసినప్పుడు మెయిన్ దించేయాలా?

కాకినాడ_తీరం:
అక్కర్లేదు. మధ్యకు బిగించి ఉంచితే ఊగడం తగ్గుతుంది. గుడ్డ పటపటలాడుతుంటే మాత్రం దించండి. ఇంకోటి, తెరచాప ఎత్తి ఉన్నా ఇంజిన్ తిరుగుతుంటే నిబంధనల ప్రకారం అది మోటారు పడవే. పగలు ముందువైపు నల్ల కోన్, మొన కిందికి. రాత్రి మాస్ట్ (తెరచాప స్తంభం) మీద తెల్ల లైటు.