జనవరిలో చెన్నై మ్యూజిక్ అకాడమీ డ్యాన్స్ ఫెస్టివల్‌కి వెళ్లినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

మాది విజయవాడ. మా పాప ఆరేళ్లుగా కూచిపూడి నేర్చుకుంటోంది. ఇప్పటిదాకా తను చూసినవన్నీ ఊళ్లో గుళ్లలో, వార్షికోత్సవాల్లో జరిగే ప్రదర్శనలే. ఈసారి చెన్నై తీసుకెళ్దామనుకుంటున్నాం. డిసెంబరులో కచేరీలు అయ్యాక, జనవరి మొదటి వారంలో అకాడమీలో నాట్యోత్సవం మొదలవుతుంది కదా. భరతనాట్యంతో పాటు ఒడిస్సీ, కథక్ లాంటివి వేరే ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు చేస్తారట. పాపకి అదే కావాలి.

నా టెన్షన్ అంతా టికెట్ల గురించే. సీజన్ మొత్తానికి తీసుకోవాలా, లేక ఏ రోజుకారోజు హాలు దగ్గర దొరుకుతాయా? మేం ఉండేది రెండు రోజులే. బాల్కనీలో కూర్చుంటే పాదాల పని కనిపిస్తుందా? అభినయం దూరం నుంచి చూసినా ఎలాగో అర్థం చేసుకోవచ్చు, అడుగులు కనిపించకపోతే మాత్రం దీనికి ఏడుపే.

పొద్దున సోదాహరణ ప్రసంగాలు (చేసి చూపిస్తూ వివరించేవి) ఏమైనా ఉంటే, వాటికి పిల్లల్ని రానిస్తారా? పాపకి పదమూడేళ్లు, తమిళం రాదు.

ఇంకోటి, సంక్రాంతి రద్దీకి భయపడి పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో రానూపోనూ ముందే బుక్ చేసేశాను. అకాడమీ ఉన్న టీటీకే రోడ్డుకి నడిచి వెళ్లేంత దగ్గరలో, అమ్మా కూతుళ్లం ఇద్దరమే ఉండటానికి మంచి లాడ్జి తెలిస్తే చెప్పండి, ప్లీజ్.