భగువా దానిమ్మ కాయలు పగులుతున్నాయి, ఏం చేయాలి?

ప్రశ్న: అనంతపురం దగ్గర ఎర్రనేల, డ్రిప్పు. కోతకు నెల ఉందనగా కాయలు పగులుతున్నాయి. ఇది తెగులా? పగిలినవాటితో అనార్‌దానా (పులుపు కోసం వంటల్లో వాడే ఎండు దానిమ్మ గింజలు) చేయొచ్చా?

జవాబు 1: ముందు పగులు చూడన్నా. నూనె మరకలాంటి నల్లమచ్చ మీద ‘ఎల్’ లేదా ‘వై’ ఆకారంలో చీలితే అది బాక్టీరియా మచ్చ తెగులు. ఆ కాయలు, కొమ్మలు తీసి కాల్చేయాలి. కత్తెరను చెట్టుచెట్టుకూ శుద్ధి చేయాల్సిందే.

మచ్చ లేకుండా చీలితే నీళ్ల తేడానే. నేల ఎండి తోలు గట్టిపడ్డాక ఒక్కసారి తడి పెట్టినా, వాన పడినా గింజ ఉబ్బుతుంది, తోలు సాగదు. రోజూ కొద్దికొద్దిగా నీళ్లివ్వు, పాదులో చెత్త కప్పు. బోరాన్ లోపమున్నా పగులుతుంది. లీటరుకు 2 గ్రాముల బోరిక్ యాసిడ్ పిచికారీ చేయాలి. అదీ కాయ చిన్నగా ఉన్నప్పుడే, ఇప్పుడు కొడితే ఆలస్యమే.

జవాబు 2: అనార్‌దానాకు భగువా వద్దు, తీపి ఎక్కువ. దాన్ని హిమాచల్, జమ్మూ కొండల్లోని పుల్లటి అడవి దానిమ్మ ‘దారూ’తో చేస్తారు. నువ్వు రసం కాచు. ఇరాన్‌లో వాల్‌నట్ పొడి వేసి వండే ఫెసెంజాన్ కూరకు పులుపునిచ్చేది ఇలా చిక్కబెట్టిన దానిమ్మ రసమే. గింజలను మిక్సీలో తిప్పొద్దు, లోపలి విత్తు నలిగి వగరొస్తుంది; గుడ్డలో పిండు. స్టీలు గిన్నెలో సన్నసెగన లీటరు పావులీటరయ్యేదాకా కాచి, చివర్లో నిమ్మరసం కలుపు. ఇనుప పాత్రలో నల్లబడుతుంది.

జవాబు 3: పగులులో బూజు కనిపిస్తే మాత్రం కాయంతా పారేయండి.