తమ్ముడికి కన్నడలో పోలీసు నోటీసు వచ్చింది, వెళ్లాలా?

మారతహళ్లి అక్క:
మా తమ్ముడు ఇక్కడే బెంగళూరులో పీజీలో ఉంటున్నాడు. బైకు పెట్టుకునే చోటు దగ్గర పక్క గది అబ్బాయితో మాటామాటా పెరిగి చేయి చేసుకున్నాడట. ఇప్పుడు స్టేషనుకు రమ్మని కన్నడలో నోటీసు ఇచ్చారు. వాడికి అర్థమైనవి అంకెలే: పైన 35(3), కింద 115(2), 126(2), 352. వెళ్తే అటునుంచి అటే లోపల వేస్తారని భయపడి, ఈ రాత్రి అనంతపురం బస్సుకు టికెట్టు తీశాడు. అమ్మకు ఇంకా చెప్పలేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

నృపతుంగ రోడ్డు వకీలు:
అమ్మా, ముందు ఆ టికెట్టు రద్దు చేయించండి.

పాత సీఆర్‌పీసీలో (క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే చట్టం) మనవాళ్లందరికీ తెలిసిన 41ఎ నోటీసే ఇది, నిందితుణ్ణి విచారణకు రమ్మని ఇచ్చేది. 2024 జులై 1న దాని స్థానంలో నాగరిక సురక్షా సంహిత వచ్చాక 35(3) అయింది. సాక్షిగా పిలిస్తే 179 అని ఉండేది. అంటే ఆరోపణ మీవాడి మీదే, కానీ అరెస్టు అవసరం లేదని ప్రస్తుతానికి అనుకున్నారు. పిలిచినప్పుడల్లా హాజరైతే, కారణాలు రాసిపెట్టకుండా అరెస్టు చేయకూడదు. ఊరికి పోతే ఆ రక్షణ తనే వదులుకున్నట్టు.

పేరు, చిరునామా సరిగ్గా చెప్పాలి. తనను తానే ఇరికించుకునే ప్రశ్నకు జవాబు చెప్పనక్కర్లేదు, రాజ్యాంగం 20(3) ఇచ్చిన హక్కు అది. పోలీసులు రాసుకున్న వాంగ్మూలం మీద సంతకం తీసుకోకూడదని చట్టమే చెబుతోంది. తెల్లకాగితం మీద అసలే వద్దు. ఒకవేళ అరెస్టు చేసినా, కారణాలు అతనికి తెలిసిన భాషలో రాసి ఇవ్వాలని 2025 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందుంచాలి.

హెచ్ఎస్ఆర్ బావ:
ఇంత తతంగం ఎందుకండీ? ఛార్జిషీటు వేశాక కోర్టులో తప్పు ఒప్పేసుకుంటే జరిమానా కట్టించుకుని పంపేస్తారు. మా రూమ్మేటు అలాగే వదిలించుకున్నాడు.

నృపతుంగ రోడ్డు వకీలు:
ఈ సలహా వింటే నాకు ఒళ్లు మండుతుంది. జరిమానా అయిదు వందలైనా అది శిక్షే. రేపు కొత్త ఉద్యోగంలో వెరిఫికేషన్ ఫారం నింపేటప్పుడు మీ రూమ్మేటునే అడగండి, వదిలిందో లేదో.

అక్కగారూ, మీవాడి మీదున్న మూడు సెక్షన్లూ, అంటే కొట్టడం 115(2), దారి అడ్డగించడం 126(2), రెచ్చగొట్టేలా అవమానించడం 352, రాజీకి వీలైనవి. ఆ అబ్బాయి కోర్టులో రాజీపడితే నిర్దోషిగా విడుదలైనట్టే చట్టం లెక్క. అయితే మాట్లాడి వస్తానని మీవాడిని ఒంటరిగా పంపకండి. బెదిరించాడంటూ ఇంకో కేసు మెడకు చుట్టుకుంటుంది. పెద్దవాళ్లెవరైనా వెళ్లండి.

మారతహళ్లి అక్క:
టికెట్టు రద్దయింది, వాడు అలిగి కూర్చున్నాడు. ఇంకా ట్రైనింగులోనే ఉన్నాడు, వకీలు ఫీజు కష్టం. పైగా కోర్టులో అంతా కన్నడలో జరిగితే వాడికి ఏమి తెలుస్తుంది?

నృపతుంగ రోడ్డు వకీలు:
సాక్షి మాటలు నిందితుడికి అర్థం కాకపోతే తెలిసిన భాషలో వినిపించాలి. నోరు తెరిచి అడగాలి, లేకపోతే విచారణ సాగిపోతూనే ఉంటుంది. ఉచిత వకీలు కోసం జిల్లా న్యాయసేవల సంస్థకు దరఖాస్తు పెట్టండి, 15100కు ఫోను చేస్తే దారి చెబుతారు. రేపు స్టేషనుకు నోటీసు జిరాక్సు రెండు కాపీలు తీసుకెళ్లండి. హాజరైనట్టు ఒకదాని మీద తేదీ వేసి సంతకం పెట్టమని అడగండి.