గ్యాస్ట్రిక్ బైపాస్ తర్వాత ఐరన్ మాత్రలు పని చేయడం లేదు, సెలైన్‌లో ఎక్కించుకున్నవాళ్లు చెప్పగలరా?

మాది హన్మకొండ. మా అక్కకు 2023లో బరువు తగ్గడానికి గ్యాస్ట్రిక్ బైపాస్ చేశారు. బరువు బాగానే తగ్గింది, రక్తం మాత్రం నిలబడటం లేదు. మొన్నటి రిపోర్టులో హిమోగ్లోబిన్ 8.9, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పేది) 6, రెండూ తక్కువే. బి12 ఇంజెక్షన్ నెలనెలా వేయిస్తున్నాం, అది నార్మల్‌గానే ఉంది.

ఒక అంతస్తు ఎక్కితే చాలు, ఆయాసం. గోళ్లు మధ్యలో గుంట పడ్డాయి. చాటలో బియ్యం చెరుగుతూనే గుప్పెడు పచ్చి బియ్యం నోట్లో వేసుకుంటోంది, ఆపుకోలేకపోతున్నా అంటోంది. అది చూస్తేనే నాకు ఎక్కువ టెన్షన్.

ఐరన్ మాత్ర పరగడుపున నిమ్మరసంతో వేసుకుంటుంది. కాల్షియం సిట్రేట్ మధ్యాహ్నం తిన్నాక. పొద్దున చాయ్ బంద్ చేసింది. మాత్ర మార్చాం, డోసు పెంచాం, మలబద్ధకం తప్ప లాభం లేదు. నెలసరిలో బ్లీడింగ్ ఎక్కువేం కాదు, మలంలో రక్తం టెస్టు కూడా నెగెటివ్.

ఐరన్‌ను బాగా పీల్చుకునే చిన్నపేగు మొదటి భాగమే బైపాస్‌లో పక్కకు పోతుంది కాబట్టి సెలైన్‌లో ఎక్కించడమే మంచిదని ఇక్కడి డాక్టర్ అంటున్నారు. సర్జరీ చేసిన చోట ఇంకొన్నాళ్లు మాత్రలే వాడమంటున్నారు.

బైపాస్ అయ్యాక ఐరన్ సెలైన్ ఎక్కించుకున్నవాళ్లు దయచేసి చెప్పండి: మళ్లీ ఎక్కించుకోవాల్సి రావడానికి ముందు మీకు ఫెరిటిన్ ఎన్ని నెలలు నిలిచింది?