పాత వంద సీసీ బండి ఇంజన్ ఇంట్లో విప్పొచ్చా? నీలం పొగ వస్తోంది

ప్రశ్న (చీపురుపల్లి దగ్గర నుంచి):
అన్నలందరికీ నమస్తే. మా నాన్నగారిది 2006 మోడల్ వంద సీసీ బండి, సిలిండర్ ముందుకి పడుకుని ఉండే రకం. రోజూ తెల్లారకముందే రెండు పాల క్యాన్లతో గరివిడి వెళ్లి వస్తుంది. నెల రోజులుగా నీలం పొగ, వారానికి పావు లీటరు ఆయిల్ తాగేస్తోంది, ఎత్తు ఎక్కాలంటే లాగట్లేదు. షెడ్డులో చూపిస్తే ఫుల్ ఇంజన్ పని, తొమ్మిది వేలు, నాలుగు రోజులు బండి వదిలేయాలి అన్నారు. అంత డబ్బు ఇప్పుడు చేతిలో లేదు. నేను ఐటీఐ ఫిట్టర్ చేశాను, స్పానర్లున్నాయి, ఇంజన్ మాత్రం ఎప్పుడూ విప్పలేదు. మొత్తం విప్పేద్దామనుకుంటున్నాను, ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు (రాజాం):
తమ్ముడూ, మొత్తం విప్పకు. నేను పదకొండేళ్లు షెడ్డులో చేశాను. నీలం పొగ అంటే ఆయిల్ మండుతోందని, అంతవరకే. ఎక్కడి నుంచి దిగుతోందో తెలుసుకున్నాకే స్పానర్ పట్టు. పొద్దున్న స్టార్ట్ చేయగానే గుప్పుమని వచ్చి ఆగిపోతే వాల్వ్ సీల్స్ (వాల్వుల దగ్గర ఆయిల్ దిగకుండా ఆపేవి), యాక్సిలరేటర్ ఇచ్చినంతసేపూ వస్తుంటే పిస్టన్ చుట్టూ ఉండే రింగులు, బోరు (పిస్టన్ ఆడే సిలిండర్ లోపలి గోడ).

ఇంకో పరీక్ష ఉంది. తాళం ఆఫ్ చేసి కిక్ ఎంత బిగువుగా ఉందో చూసుకో. తర్వాత ప్లగ్ తీసి ఆ రంధ్రంలో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి, కిక్ మెల్లగా నాలుగైదు సార్లు తొక్కు. సిలిండర్ పడుకుని ఉంది కదా, అలా తొక్కకపోతే నూనె కింది వైపే నిలిచిపోతుంది. ప్లగ్ బిగించి మళ్లీ తొక్కి చూడు. బిగువు పెరిగితే రింగులు పోయాయి, పెరగకపోతే వాల్వులు చూడాలి. రింగులే అయితే హెడ్ (వాల్వులుండే పై మూత), బ్లాక్ (బోరు ఉండే సిలిండర్ ముక్క) విప్పితే చాలు, ఇంజన్ ఛాసిస్ నుంచి దించక్కర్లేదు. దీన్నే హాఫ్ ఇంజన్ పని అంటారు. కింది కేసు మాత్రం ఇంట్లో విడదీయొద్దు, క్రాంక్ (పిస్టన్ తిప్పే ఇరుసు) బేరింగులకి ప్రెస్, అంటే నొక్కి బిగించే యంత్రం కావాలి.

జవాబు (ఆమదాలవలస):
విప్పేముందు ప్రతి దశకీ ఫోన్‌లో ఫోటో తీసుకో బాబూ. బోల్టులన్నీ ఒకే పొడవు ఉండవు. అట్ట మీద కవర్ బొమ్మ గీసి, ఏ బోల్టు ఎక్కడిదో అక్కడే గుచ్చి పెట్టు. కడగడానికి డీజిల్ వాడు, అదీ ఆరుబయట, పొయ్యికి దూరంగా.

ప్రశ్న వేసిన తమ్ముడు:
పరీక్ష చేశాను అన్నా, ఆయిల్ పోశాక కిక్ బాగా బిగుసుకుంది. ఆదివారం విప్పుతాను. ఎక్కడ జాగ్రత్త పడాలో చెప్పండి.

జవాబు (రాజాం):
అయితే రింగులే. బండి పూర్తిగా చల్లారాక ఆయిల్ తీసెయ్. మ్యాగ్నెట్ (క్రాంక్ చివర ఉండే గుండ్రటి చక్రం) తిప్పి దాని మీది టీ గుర్తు కేసు మీది గుర్తుకి ఎదురుగా తెచ్చుకో. అప్పుడు వాల్వులని నొక్కే రెండు రాకర్లూ చేత్తో కదిపితే కొంచెం ఆడాలి, ఆడకపోతే ఇంకో పూర్తి చుట్టు తిప్పు. హెడ్‌లో ఉండే పై పళ్లచక్రం గుర్తు ఎక్కడ నిలిచిందో దగ్గరగా ఫోటో తీసుకో. హెడ్ నట్లు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా వదులు చెయ్, ఒకటి పూర్తిగా తీసేసి ఇంకోదానికి వెళ్తే హెడ్ వంగుతుంది. ఆ పళ్లచక్రాన్ని తిప్పే టైమింగ్ చైన్ కేసులోకి జారకుండా తీగతో కట్టు. బ్లాక్ రాకపోతే చెక్క సుత్తితో తట్టు, సందులో స్క్రూడ్రైవర్ పెట్టి లేపితే ఆ గీత నుంచి ఎప్పటికీ ఆయిల్ కారుతుంది.

బ్లాక్ వచ్చిన మరుక్షణం కేసు నోట్లో శుభ్రమైన గుడ్డ కుక్కు. పిస్టన్ పిన్ పక్కన చిన్న లాక్ ఉంటుంది, చంద్రవంకలా ఉంటుంది, తీసేటప్పుడు టక్కున ఎగురుతుంది. నా మొదటి ఇంజన్‌లో అది లోపల పడింది, దాని కోసం కేసు మొత్తం విప్పాల్సి వచ్చింది. పాత లాక్ మళ్లీ వేయొద్దు.

ప్రశ్న వేసిన తమ్ముడు:
విప్పాను అన్నా! లాక్ గుడ్డ మీదే పడింది. బోరులో నిలువు గీతలున్నాయి, గోరు పెడితే తగులుతోంది. కొత్త రింగులు వేసేస్తే సరిపోతుందా?

జవాబు (రాజాం):
గోరుకి తగిలితే సరిపోదు, రెండు నెలల్లో మళ్లీ పొగే. కొత్త బ్లాక్, పిస్టన్ కిట్ వెయ్, లేదా లేత్‌లో బోరింగ్ (గీతలు పోయేలా బోరు కొంచెం పెద్దది చేయడం) చేయించు. బోరింగ్ అయితే ముందు ఓవర్‌సైజ్ (కొంచెం పెద్ద కొలత) పిస్టన్ కొనుక్కుని బ్లాక్‌తో పాటు పట్టుకెళ్లు, దాని కొలత చూసే బోరు తీస్తారు. ఈలోగా కనెక్టింగ్ రాడ్ (పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే కడ్డీ) పట్టుకుని పైకీ కిందకీ లాగి చూడు. పక్కకి కొంచెం కదలడం మామూలే, నిలువుగా టకటక ఆడితే మాత్రం అప్పుడు నిజంగానే ఫుల్ ఇంజన్ పని, షెడ్డుకి తీసుకెళ్లాల్సిందే.

రాడ్ బాగుంటే బిగించుకో. పిస్టన్ మీద ఇన్ అని ఉన్న వైపు కార్బరేటర్ వైపుకి, రింగుల అక్షరం పైకి, రింగుల నోళ్లు (రెండు కొసల మధ్య సందులు) ఒకే వరసలో రాకూడదు. గాస్కెట్లన్నీ (అతుకుల మధ్య పెట్టే పలుచటి పొరలు) కొత్తవే. అన్నీ బిగించాక కిక్ కొట్టకుండా మ్యాగ్నెట్ నట్‌కి స్పానర్ పెట్టి చేత్తో రెండు చుట్లు తిప్పు. ఎక్కడైనా గట్టిగా తగిలితే బలవంతం చేయకు, టైమింగ్ తప్పిందన్నమాట, ఫోటో తీసి ఇక్కడ పెట్టు.

ప్రశ్న వేసిన తమ్ముడు:
రాడ్ నిలువుగా ఏమీ ఆడట్లేదు అన్నా. రేపు కిట్ కోసం విజయనగరం వెళ్తున్నాను. పాల క్యాన్లు మామయ్య బండి మీద వెళ్తాయి.

జవాబు (రాజాం):
మంచిది. పాత పిస్టన్ చేతిలో పట్టుకెళ్లు, పక్కన పెట్టి చూసి కొను. బండి తయారయ్యాక మొదటి 500 కిలోమీటర్లు ఒక్క క్యానే వెయ్యమని నాన్నగారికి చెప్పు, అది దాటగానే ఆయిల్ మార్చు.